బార్, రెస్టారెంట్ సీటింగ్‌కి అసలు తోలా, రెక్సినా? ఏది ఎక్కడ వేయాలి?

కొత్తబల్ల | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కొత్తగా రెస్టారెంట్ పెడుతున్నాం. ఒక పక్కన బార్ కౌంటర్ కూడా ఉంటుంది. గోడ పొడవునా బూత్ సోఫాలు, మధ్యలో విడి కుర్చీలు, కౌంటర్ ముందు స్టూళ్లు. మొత్తం కలిపి అరవై మంది కూర్చునే చోటు. పడమటి వైపు పెద్ద అద్దం ఉంది, సాయంత్రం ఎండ నేరుగా వచ్చి రెండు బూత్‌ల మీద పడుతుంది.

డిజైనర్ గారు అన్నిటికీ అసలు తోలే వేయాలంటున్నారు, అదీ లేత తేనె రంగులో. మెటీరియల్ అమ్మే ఆయన "పీయూ తీసుకోండి, ముట్టుకుని చూసినా ఎవరూ తేడా కనిపెట్టలేరు" అంటున్నాడు (పీయూ అంటే పాలియురెథేన్ పూత వేసిన కృత్రిమ తోలు). ఇంకొకాయన బాండెడ్ లెదర్ చూపించి "ఇదీ తోలే, ఖరీదు మాత్రం తక్కువ" అన్నాడు. ఎవరి మాట విన్నప్పుడు వాళ్లదే నిజమనిపిస్తోంది, అదే టెన్షన్. ఐదు శాంపిల్ ముక్కలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఏం చూడాలి? అమ్మేవాళ్లని ఏం అడగాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

సూదీదారం | సోమవారం, రాత్రి 9:40

బాండెడ్ లెదర్ ముక్కని ముందు పక్కన పడేయండి. మిగతా నాలుగింటి గురించి మాట్లాడదాం.

తోలు కోయగా మిగిలిన తుక్కుని పొడి చేసి, జిగురు కలిపి పలకలా నొక్కి, పైన ప్లాస్టిక్ పొర వేసి, దాని మీద తోలు గీతలు అచ్చు కొడితే వచ్చేదే బాండెడ్. తోలుకి బలం దాని లోపలి నారల అల్లిక వల్ల వస్తుంది. పొడి చేశాక ఆ అల్లిక ఇంకెక్కడుంటుంది? రోజంతా జనం కూర్చుని లేచే సీటు మీద అది పొరలు పొరలుగా ఊడిపోతుంది, ఊడితే రిపేరు కూడా కాదు. పైన పటారం లోన లొటారం. యూరప్ ప్రమాణం ఈఎన్ 15987 అయితే ఇలా పొడి నుంచి చేసిన పలకను తోలు అనకూడదని స్పష్టంగా చెబుతుంది.

ఇక మిగతా ముక్కల్ని వెనక్కి తిప్పి చూడండి. నేసిన గుడ్డో అల్లిన గుడ్డో కనిపిస్తే అది రెక్సినో పీయూనో. నూగు నూగుగా నార కనిపిస్తే తోలు. కానీ నూగు కనిపించింది కదా అని సంబరపడొద్దు. తోలుని అడ్డంగా చీల్చాక వచ్చే కింది పొర (స్ప్లిట్) మీద మందంగా పాలియురెథేన్ ఫిల్మ్ అతికించి అమ్ముతారు. బైకాస్ట్ అంటారు. దాని వెనక కూడా నూగే ఉంటుంది. పైన అద్దంలా ఒకే తీరుగా మెరుస్తుంటే, మడత పెట్టినప్పుడు గీతలు పదునుగా పడుతుంటే అనుమానించండి.

మూలసోఫా | సోమవారం, రాత్రి 10:05

పీయూ గురించి నేను చెబుతాను, ఎందుకంటే మా చోట ఉన్నదంతా అదే. "ఎవరూ తేడా కనిపెట్టలేరు" అన్న మాట నిజమే. మొదట్లో నిజం. తర్వాత మెడ ఆనే చోట, తొడలు ఆనే అంచులో సన్నగా పగుళ్లు మొదలయ్యాయి. ఆ తర్వాత పై పొర చిన్న చిన్న పెంకుల్లా లేచి కస్టమర్ల బట్టలకి అంటుకోవడం మొదలైంది. నల్ల ప్యాంటు వేసుకున్నాయన లేచి వెనక దులుపుకుంటుంటే చూడటానికే ఇబ్బంది. అమ్మినతను క్లీనింగ్ సరిగా చేయలేదంటాడు. చేసే వాళ్లు సరుకే నాసిరకం అంటారు.

అదే హాల్లో, అదే జనం మధ్య కిచెన్ పక్కన వేయించిన మామూలు కాంట్రాక్ట్ రకం (హోటళ్ల లాంటి జనం ఎక్కువగా వాడే చోట్ల కోసం చేసే) రెక్సిన్ బెంచీలు మాత్రం చెక్కు చెదరలేదు. అంత ముద్దుగా ఏం ఉండవు, కానీ ఉన్నాయి.

ప్రయోగశాల | సోమవారం, రాత్రి 10:31

మూలసోఫా గారి పీయూకి పట్టింది జలవిశ్లేషణ (హైడ్రాలిసిస్). గాలిలో తేమ, ఒంటి చెమట, వేడి కలిస్తే పాలియెస్టర్ రకం పీయూలో అణువుల గొలుసులు తెగిపోతాయి. వాడకపోయినా, గోడౌన్‌లో రోల్‌గా ఉన్నా తెగుతుంటాయి. అందుకే క్లీనింగ్‌ని పూర్తిగా తప్పు పట్టలేం.

అయితే పీయూ అంతా ఒకటే కాదు. పాలియెస్టర్ రకం అన్నిటికంటే ముందు పోతుంది. పాలికార్బొనేట్ రకం చాలా మెరుగు. అమ్మేవాళ్లని అడగాల్సిన ప్రశ్న ఇది: "దీని పై పొర పాలికార్బొనేటా? హైడ్రాలిసిస్ పరీక్ష రిపోర్టు ఉందా?" ఆ పరీక్షలో ముక్కని 70 డిగ్రీల వేడి, 95 శాతం తేమ ఉన్న పెట్టెలో వారాల తరబడి ఉంచి చూస్తారు. ఎన్ని వారాలు తట్టుకుందో రిపోర్టులో ఉంటుంది. ఆ కాగితం చూపించలేని పీయూని హోటల్ పనికి తీసుకోవద్దు.

మనం రెక్సిన్ అనేది పీవీసీ. దానికి తేమ భయం లేదు, దాని జబ్బు వేరు. మెత్తగా ఉండటానికి కలిపిన నూనె లాంటి ప్లాస్టిసైజర్ కాలక్రమేణా బయటికి పోతుంది. తల నూనె, ఒంటి జిడ్డు, ఎండ వేడి దాన్ని ఇంకా తొందరగా లాగేస్తాయి. అప్పుడు గట్టిపడి పగులుతుంది.

నీడావెలుగూ | మంగళవారం, ఉదయం 7:50

డిజైనర్ల పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి కదా :) అందరూ కలిసి తోలు వద్దనే దాకా తీసుకెళ్లేలా ఉన్నారు.

కొత్తబల్ల గారూ, తోలు అని మీ డిజైనర్ అన్నప్పుడు ఏ ఫినిష్ అన్నారో అడగండి. అసలు సంగతి అక్కడే ఉంది. అనిలిన్ తోలు అంటే రంగు లోపలికి ఇంకి, పైన పూత దాదాపు ఏమీ లేనిది. చేతికి ఎంతో హాయిగా ఉంటుంది, రంధ్రాలూ మచ్చలూ అన్నీ కనిపిస్తాయి. కానీ వైన్ చుక్క పడినా, నూనె చేయి తగిలినా తాగేస్తుంది. పిగ్మెంటెడ్ తోలుకి పైన రంగుతో కలిసిన రక్షణ పూత ఉంటుంది. ముట్టుకుంటే కొంచెం చల్లగా, బిగువుగా అనిపిస్తుంది, కానీ ఒలికింది తుడిస్తే పోతుంది. సెమీ అనిలిన్ ఈ రెండింటి నడుమ.

జనం "ఫుల్ గ్రెయిన్ కావాలి, టాప్ గ్రెయిన్ వద్దు" అని పట్టుబడతారు. పై పొరని రాపిడి చేయకుండా వదిలేస్తే ఫుల్ గ్రెయిన్, మచ్చలు పోయేలా కాస్త రాపిడి చేస్తే కరెక్టెడ్ (టాప్ గ్రెయిన్ పేరుతో అమ్మేది ఎక్కువగా ఇదే). రెస్టారెంట్‌కి ఆ తేడా కంటే పైన పూత ఉందా లేదా అన్నదే ఎక్కువ ముఖ్యం. పూత లేని ఫుల్ గ్రెయిన్ కంటే, మంచి పూత ఉన్న కరెక్టెడ్ గ్రెయిన్ డైనింగ్ సీటుకి నయం.

బాగా చేసిన పిగ్మెంటెడ్ తోలు వాడిన కొద్దీ కొంచెం మెత్తబడి కుదురుకుంటుంది. గీతలు పడినా, రంగు పోయినా మళ్లీ రంగు వేసి నిలబెట్టవచ్చు. రెక్సిన్ మొదటి రోజే అందంగా ఉంటుంది, అక్కడి నుంచి దిగడమే.

చివరిరౌండు | మంగళవారం, ఉదయం 8:15

బార్ కౌంటర్ వెనక నిలబడేవాడిగా ఒక్క మాట. స్టూలు మీద మనిషి కూర్చోడు, తిరుగుతాడు. వెనక జేబులో తాళాలు, జీన్స్ రివెట్లు, మధ్యలో ఒలికే గ్లాసు. అక్కడ అనిలిన్ వేసిన చోట పని చేశాను. మొదటి రాత్రికే పటం గీసి పెట్టారు.

సూదీదారం | మంగళవారం, ఉదయం 9:02

@నీడావెలుగూ మీరు చెప్పింది సరైనదే మేడమ్, ఫినిష్ గురించి పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే "రెక్సిన్ మొదటి రోజే అందం" అన్నది పాత రెక్సిన్ మాట. ఇప్పుడొచ్చే కాంట్రాక్ట్ రకంలో పైన వేరే రక్షణ పూత ఉంటుంది, పెన్ను గీతలు కూడా పోయేవి ఉన్నాయి.

నా దగ్గరికి పని వచ్చినప్పుడు "మొత్తానికి ఏది వేద్దాం" అని అసలు ఆలోచించను. ఒక్క బూత్‌లోనే కూర్చునే సీటు, ఆనుకునే వీపు, బయటి పక్కలు అని మూడు పనులున్నాయి. సీటుకి రాపిడి, ఒలికినవి, చెమట. వీపుకి రాపిడి తక్కువ, తల జిడ్డు ఎక్కువ. పక్కలకి బూట్లు, చీపురు, తుడిచే కర్ర దెబ్బలు. కాబట్టి సీటుకి కాంట్రాక్ట్ రెక్సిన్, కంటికి ఎదురుగా కనిపించే వీపుకి అదే రంగులో పిగ్మెంటెడ్ తోలు, బయటి పక్కలకి మళ్లీ రెక్సిన్. రెండింటి మెరుపూ గీతా కలిసేలా ఎంచుకుంటే కూర్చున్నవాడికి అనుమానం రాదు. వాసన కూడా తోలుదే వస్తుంది.

తడిగుడ్డ | మంగళవారం, మధ్యాహ్నం 12:20

హోటళ్లకి క్లీనింగ్ సామాను సరఫరా చేస్తాను. మెటీరియల్ గురించి ఇంత చర్చ జరిగింది కానీ దాన్ని రోజూ ఎవరు, దేంతో తుడుస్తారన్నది ఎవరూ అడగలేదు.

టేబుల్ ఖాళీ కాగానే కుర్రాడు వస్తాడు. చేతిలో శానిటైజర్ స్ప్రే. టేబుల్ మీద కొడతాడు, అదే గుడ్డతో సీటు కూడా లాగేస్తాడు. పూట పూటా ఇదే. ఆల్కహాల్ తోలు పూతని మెత్తబరిచి రంగు లేపుతుంది, పీయూనీ ఎండబెడుతుంది. తోలు స్వభావం కొద్దిగా ఆమ్లం వైపు ఉంటుంది, గాఢమైన క్షార సబ్బులు, గ్రీజు తీసే ద్రావణాలు దానికి పడవు. బ్లీచ్ అయితే చెప్పనే అక్కర్లేదు. కొన్ని కాంట్రాక్ట్ రెక్సిన్‌లు పలుచటి బ్లీచ్ నీళ్లని తట్టుకుంటాయి, కానీ అది కంపెనీ ఇచ్చే కేర్ షీట్‌లో రాసి ఉండాలి. తట్టుకునే వాటిని కూడా తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. మందు తడి అలాగే ఆరిపోతే ఆ మిగిలిన ఉప్పే పొరని తింటుంది.

కాబట్టి కొనే ముందే కేర్ షీట్ తెప్పించుకోండి. మీ కుర్రాళ్లు ఇప్పుడు వాడుతున్న స్ప్రే పేరు అందులో సరేనన్న జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే మారాల్సింది స్ప్రే అయినా కావాలి, మెటీరియల్ అయినా కావాలి. కుర్రాళ్లు మారతారని మాత్రం నమ్మకండి, వాళ్లకి టైం ఉండదు.

ఇంకొకటి. పిగ్మెంటెడ్ తోలుకి కండిషనర్ క్రీములు పదేపదే రాస్తుంటారు. పూత దాటి అది లోపలికి పోదు, పైన జిగటగా ఉండి దుమ్ము పట్టిస్తుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా తేలికపాటి సబ్బు, పొడి గుడ్డ. వీపు పైభాగాన్ని మాత్రం వారానికోసారి శ్రద్ధగా తుడవాలి. జిడ్డు అక్కడే పేరుకుంటుంది, తోలు పూత ముందు పాడయ్యేదీ అక్కడే.

కొత్తబల్ల | మంగళవారం, రాత్రి 8:44

బాండెడ్ ముక్క చెత్తబుట్టలోకి పోయింది. మిగతా నాలుగింటి మీద నీటి చుక్క వేశాను. ఒక తోలు ముక్క మీద చుక్క పడ్డచోట వెంటనే నల్లబడింది, అంటే అనిలిన్ అన్నమాట. మా డిజైనర్ గారికి నచ్చింది అదే! తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దితే దాని రంగు గుడ్డకి కూడా వచ్చింది. ఇంకో తోలు ముక్క మీద చుక్క బొట్టులా నిలబడింది, రంగు రాలేదు. శానిటైజర్‌లో ముంచిన దూదిని కాసేపు దాని మీద ఉంచి చూస్తే కొంచెం మెరుపు తగ్గింది.

మిగతా రెండింట్లో ఒకటి రెక్సిన్, ఒకటి పీయూ. పీయూ బ్రోషర్‌లో "లక్ష డబుల్ రబ్స్" అని పెద్ద అక్షరాలతో ఉంది. పిగ్మెంటెడ్ తోలుకి అలాంటి నంబరే లేదు. అంటే పీయూ గట్టిదా?

ప్రయోగశాల | మంగళవారం, రాత్రి 9:30

ఆ నంబర్ పెద్దగా రాశారంటే మిగతావి చిన్నగా రాశారని అర్థం :)

విజెన్‌బీక్ అనేది అరుగుదల చూసే యంత్రం, గుడ్డ మీద రుద్దే పట్టీని ముందుకీ వెనక్కీ నడుపుతుంది. ఒకసారి వెళ్లి వస్తే ఒక డబుల్ రబ్. మార్టిండేల్ ఇంకో యంత్రం, అది మెలికలు తిరుగుతూ రుద్దుతుంది. ఒకదాని అంకెని ఇంకోదానిలోకి మార్చే లెక్కేమీ లేదు, ఎవరైనా మార్చి చెబితే నమ్మకండి. అమెరికాలోని కాంట్రాక్ట్ టెక్స్‌టైల్స్ సంఘం (ఏసీటీ) నేసిన గుడ్డలకి, జనం ఎక్కువగా వాడే చోట విజెన్‌బీక్‌లో 30,000, మార్టిండేల్‌లో 40,000 చాలంటుంది. లక్ష దాటిన డబుల్ రబ్స్ వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని చెప్పింది కూడా ఆ సంఘమే. పైగా మూలసోఫా గారి సీట్లు అరిగిపోలేదు కదా, ఊడిపోయాయి. డబుల్ రబ్ పరీక్ష ఊడటాన్ని పట్టుకోదు.

తోలుకి చూడాల్సిన పరీక్షలు వేరు. యూరప్‌లో ఫర్నిచర్ తోలుకి ఈఎన్ 13336 అని ఒక మార్గదర్శకం ఉంది. అందులో రంగు అంటుకోవడాన్ని పొడిగా, తడిగా, కృత్రిమ చెమటతో మూడు విధాలా చూస్తారు. పదే పదే వంచితే పూత పగులుతుందా అన్నది ఇంకో పరీక్ష. ఎండకి రంగు వెలవడాన్ని ఎనిమిది మెట్ల కొలతలో చూస్తారు. పిగ్మెంటెడ్‌కి కనీసం 5 కావాలి, అనిలిన్‌కి 3 వచ్చినా సరిపెట్టుకుంటారు. మీ అద్దం పక్క బూత్‌లకి ఈ అంకె తప్పక అడగండి.

మంట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది ఎంపిక కాదు, చట్టం. ఏ దేశానికి ఆ దేశపు నియమాలుంటాయి. ఈఎన్ 1021 మొదటి భాగం కాలుతున్న సిగరెట్‌తో, రెండో భాగం అగ్గిపుల్లంత మంటతో పరీక్షిస్తుంది. బ్రిటన్‌లో బార్లూ రెస్టారెంట్ల లాంటి చోట్లకి ఇంకా కఠినం, క్రిబ్ 5 అని చిన్న కట్టెల పేర్పు అంటించి చూస్తారు. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే పరీక్ష పై గుడ్డకొక్కదానికే కాదు, లోపలి ఫోమ్‌తో కలిపి. తోలు తొందరగా అంటుకోదు, దాని కింద మామూలు ఫోమ్ పెడితే ఆ లాభం పోతుంది. ఏ ఫోమ్ మీద పరీక్షించారో సర్టిఫికెట్‌లో చూసి, అదే ఫోమ్ వేయించండి.

మూలసోఫా | మంగళవారం, రాత్రి 10:12

ఊడిపోవడం, అరిగిపోవడం వేరని ఇప్పుడే అర్థమైంది. ఆ అమ్మినతనూ నాకు ఆ నంబరే చూపించాడు.

నీడావెలుగూ | బుధవారం, ఉదయం 8:05

కొత్తబల్ల గారూ, అనిలిన్‌ని పూర్తిగా కొట్టేయకండి. ఎదురుచూసే చోట రెండు లాంజ్ కుర్చీలు వేస్తారు కదా, అక్కడ పెట్టండి. తిండి ఉండదు, కూర్చునేది కాసేపే. లోపలికి రాగానే చేయి పడేది కూడా దాని మీదే. మీ డిజైనర్‌కి కావాల్సిన అనుభూతి అక్కడ దొరుకుతుంది.

ఇక బూత్‌ల వీపుకి డీప్ బటన్ (బటన్లతో లోపలికి లాగి గుంటలు పడేలా బిగించడం) వేయించండి, గది గదంతా ఒక స్థాయికి వస్తుంది.

సూదీదారం | బుధవారం, ఉదయం 9:18

లాంజ్ కుర్చీలకి సై. బటన్‌కి మాత్రం నో.

బటన్ పడ్డ ప్రతి గుంటా తుక్కు దాచుకునే చోటే. వీపు పైభాగంలో, చేతులు పడని చోట అయితే సరే. భోజనం ఎత్తుకి, సీటు దగ్గరికి వచ్చేసరికి గుంటలు, అడ్డ మడతలు వద్దు. నిలువు చానెళ్లు (పైనుంచి కిందికి పట్టీలుగా కుట్టినవి) వేయండి, పడినవి కిందికి జారిపోతాయి. అందానికి అందం.

చాలామంది వదిలేసే విషయం సీటుకీ వీపుకీ మధ్య సందు. రెండూ గట్టిగా ఒత్తుకునేలా బిగిస్తే పగుల్లోకి నూనె, తడి, నాణేలు, పోయిన చెవి కమ్మలు అన్నీ చేరతాయి. ఏ గుడ్డా అక్కడికి పోదు. గుడ్డ చుట్టిన వేళ్లు పట్టేంత సందు వదిలి, సీటుని ఊడదీయగలిగేలా చేయించాలి. ప్లైవుడ్ పలక మీద ఫోమ్, కింద నుంచి టీ నట్లు, బోల్టులు. సీటు పాడైతే ఆ ఒక్క పలకనే విప్పి తీసుకెళ్లి మళ్లీ తొడుగు వేసి తెస్తారు, టేబుల్ మూసేయాల్సిన పని లేదు. రెండు మూడు స్పేర్ పలకలు తొడుగు వేసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఫోమ్‌లో సాంద్రత వేరు, గట్టిదనం వేరు. నొక్కి చూసి "గట్టిగా ఉంది, మంచిది" అనుకోవద్దు. తక్కువ సాంద్రత ఫోమ్‌ని కూడా గట్టిగా చేయవచ్చు, అది తొందరగా కుంగి గుంట పడుతుంది. గుంట పడితే పైన తోలు వదులై ముడతలు దేలుతుంది, అందరూ తోలుని తిడతారు. ఘనమీటరుకి 40 కిలోలు, అంతకు మించి ఉన్న హెచ్‌ఆర్ (హై రెసిలియన్స్, నొక్కి వదిలితే వెంటనే తిరిగి లేచే) ఫోమ్ అడగండి. రెక్సిన్, పూత తోలు గాలిని పోనివ్వవు, కాబట్టి పలక కింద గాలి రంధ్రాలు పెట్టించాలి. లేకపోతే ఎవరైనా ధబాల్న కూర్చున్నప్పుడు గాలి కుట్లలోంచే దారి వెతుక్కుంటుంది.

కుట్టు దగ్గర కూడా ఒక మాట. రెక్సిన్‌కి కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వెంబడే తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. కుట్టు పొడవు పెంచాలి, దారం బాండెడ్ నైలాన్ గానీ పాలియెస్టర్ గానీ అయి ఉండాలి. ఎండ పడే చోటికి పాలియెస్టరే. సీటు ముందు అంచున పైపింగ్ (కుట్టు వెంబడి ఉబ్బెత్తుగా వేసే సన్నటి అంచు పట్టీ) పెట్టొద్దు. అందరి తొడలూ రాసుకునేది దానికే, ముందు తెల్లబడేదీ అదే. పైపింగ్ ముచ్చట తీరాలంటే వీపు పైన పెట్టుకోండి.

నీడావెలుగూ | బుధవారం, ఉదయం 9:55

చానెళ్లకి ఒప్పుకుంటాను. బటన్‌కి ఇంకా నా ఓటు ఉంది, వీపు పై సగానికి :)

చివరిరౌండు | బుధవారం, ఉదయం 10:10

పోయిన చెవి కమ్మలు... నిజం. ఉంగరాలు కూడా.

పచ్చదారి | బుధవారం, మధ్యాహ్నం 1:37

మధ్యలో వస్తున్నాను. జంతు తోలు వద్దనుకునే వాళ్లకి అనాస ఆకుల నారతో, కాక్టస్‌తో, పుట్టగొడుగు తంతువులతో చేసినవి ఉన్నాయి కదా. వాటి గురించి ఎవరూ మాట్లాడలేదేం?

ప్రయోగశాల | బుధవారం, మధ్యాహ్నం 2:20

వాటిలో చాలావాటికి పైన మళ్లీ పీయూ పూతో, రెసిన్ పూతో ఉంటుంది. అంటే సీటుకి నా ప్రశ్న మారదు: పై పొర ఏమిటి, తేమ పరీక్ష రిపోర్టు ఏది? పుట్టగొడుగు రకాల్లో బాగా పేరొచ్చిన మైలో ఉత్పత్తి 2023లో ఆగిపోయింది. రేపు మరమ్మతుకి అదే రంగు దొరక్కపోతే ఏం చేస్తారో కూడా ఆలోచించాలి. జంతు తోలు వాడకుండా గట్టి సీటు కావాలంటే ఇవాళ్టికి పాలికార్బొనేట్ పీయూ, సిలికాన్ పూత గుడ్డలు నయం. సిలికాన్‌లో ప్లాస్టిసైజర్ ఉండదు, తేమకీ ఎండకీ బాగా ఆగుతుంది.

జంతు తోలే తీసుకునేవాళ్లు తయారీ గురించి అడగాలనుకుంటే లెదర్ వర్కింగ్ గ్రూప్ రేటింగ్ చూడొచ్చు. తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాల్లో నీళ్లు, రసాయనాల వాడకాన్ని తనిఖీ చేయడానికి 2005లో మొదలైంది. అది కార్ఖానాకి ఇచ్చే రేటింగ్, సీటు మన్నికకి హామీ కాదు.

కొత్తబల్ల | బుధవారం, రాత్రి 9:05

ఇవాళ డిజైనర్ గారితో కూర్చున్నాను. చదివి వినిపించాను, మొదట మొహం మాడ్చుకున్నారు కానీ వీపుకి పిగ్మెంటెడ్ తోలు, సీటుకి రెక్సిన్, ముందు గదిలో రెండు అనిలిన్ కుర్చీలు అనేసరికి దిగొచ్చారు. రంగు దగ్గర ఆగిపోయాం. లేత తేనె రంగే కావాలంటున్నారు. ఇంకోటి, తోలు ఎంత ఆర్డర్ చేయాలో లెక్క తేలడం లేదు.

తడిగుడ్డ | బుధవారం, రాత్రి 9:31

లేత రంగు రెక్సిన్ సీటు మీద కొత్త జీన్స్ కూర్చుంటే నీలి రంగు దిగుతుంది. వెంటనే తుడిస్తే సరే. నాలుగు రోజులు ఊరుకుంటే రంగు ప్లాస్టిక్ లోపలికి పాకుతుంది, తర్వాత ఏ మందూ పని చేయదు. పైపైన రుద్దితే పూత పోతుంది, నీలం అక్కడే ఉంటుంది. సీటుకి రెండు మెట్లు ముదురు వేసి, వీపు లేత తేనె రంగులో ఉంచుకోండి. ఇద్దరి మాటా చెల్లుతుంది.

నీడావెలుగూ | బుధవారం, రాత్రి 9:48

అది మంచి దారి. ఒకే రంగులో రెండు ఛాయలంటే కావాలని చేసినట్టే ఉంటుంది. అద్దం దగ్గరి బూత్‌లకి మాత్రం వేరే ఏర్పాటు చూసుకోండి. అద్దానికి అతినీలలోహిత కిరణాలని ఆపే ఫిల్మ్ వేయించినా వేడి కొంత వస్తూనే ఉంటుంది. ఆ రెండు బూత్‌ల వీపుకి కూడా తోలు మానేసి, సీటుకి వేసిన ముదురు రంగే వేసేయమని చెబుతాను.

సూదీదారం | బుధవారం, రాత్రి 10:20

లెక్క సంగతి. రెక్సిన్ రోల్ వెడల్పు సాధారణంగా 137 సెంటీమీటర్లు, పొడవు మీకెంత కావాలంటే అంత. పొడవాటి బెంచీకి రోల్‌ని అడ్డంగా తిప్పి వేస్తే అతుకు లేకుండా వస్తుంది. తోలు అలా కాదు. ఒక ఆవు తోలు దాదాపు 45 నుంచి 55 చదరపు అడుగులు, అదీ వంకర టింకరగా. పొట్ట భాగం సాగుతుంది, మెడ దగ్గర ముడతలు, ఎక్కడో ముళ్ల గీత, ఎక్కడో ముద్ర. పెద్ద ముక్కలు కోయాలంటే మూడో వంతు దాకా వృథా పోవచ్చు. చానెళ్లు సన్నటి పట్టీలు కాబట్టి వృథా తగ్గుతుంది. నేను బటన్ వద్దనడానికి ఇదీ ఒక కారణం, ఇందాక చెప్పలేదు. సీటు భాగానికి తోలు వాడే వాళ్లైతే వెన్నెముకకి దగ్గరి ముక్కలే కోయాలి, అక్కడ సాగుడు తక్కువ.

అన్నీ ఒకే బ్యాచ్‌లో రంగు వేసినవి ఇవ్వమని ఆర్డర్ కాగితం మీదే రాయించండి. మోడల్‌కి ఒక్క బూత్ ముందు చేయించి, టేబుల్ వేసి కూర్చుని చూశాకే మిగతావి కోయమనండి.

మూలసోఫా | గురువారం, ఉదయం 7:22

ఎత్తు కూడా ఆ మోడల్ మీదే చూసుకోండి. డ్రాయింగ్‌లో సీటు 46 సెంటీమీటర్లు ఉంటుంది, మనిషి కూర్చోగానే ఫోమ్ దిగుతుంది, టేబుల్ గడ్డం దగ్గరికి వస్తుంది. కొలత మనిషి కూర్చున్నాక తీయాలి. సీటు నుంచి టేబుల్ పైకి 28, 30 ఉంటే హాయిగా ఉంటుంది.

కొత్తబల్ల | గురువారం, ఉదయం 8:10

స్టూళ్లకి కూడా అదే లెక్కా? కౌంటర్ 108 సెంటీమీటర్లు వస్తోంది. కింద గోడకి కాళ్లు పెట్టుకునే ఇత్తడి రాడ్ ఎలాగూ వేస్తున్నాం కాబట్టి స్టూలుకి రింగ్ వద్దన్నారు.

చివరిరౌండు | గురువారం, ఉదయం 8:41

108కి స్టూలు సీటు 78 దగ్గర సరిపోతుంది. రింగ్ మాత్రం మానొద్దు. ఆ రాడ్ నిలబడి తాగేవాళ్లకి, నేల నుంచి జానెడు ఎత్తులో ఉంటుంది. స్టూలు మీద కూర్చున్నవాడి కాలు అక్కడికి అందదు. కాళ్లు వేలాడితే తొడలు సీటు అంచు మీద బరువు వేస్తాయి, సూదీదారం గారు చెప్పిన ముందు అంచు అరుగుడు ఇంకా ఎక్కువవుతుంది. సీటుకి 40 నుంచి 45 సెంటీమీటర్ల కింద రింగ్, దాని మీద స్టీలు తొడుగు. పెయింట్ అయితే బూట్లకి లేచిపోతుంది.

ఒక స్టూలు నడుమ నుంచి ఇంకో స్టూలు నడుమకి 60 కనీసం. చేతులున్న, తిరిగే స్టూళ్లైతే 70 పైన పెట్టుకోండి. లేకపోతే చేతులు ఒకదానికొకటి కొట్టుకుని, మీరు ఎంత మంచి తోలు వేసినా మూలలు చిట్లిపోతాయి.

సూదీదారం | గురువారం, ఉదయం 9:00

చేతులు లేనివే తీసుకోండి. సీటు పైభాగం నాలుగు స్క్రూలతో ఊడేది అయి ఉండాలి. ఇంకా, రెక్సిన్ మిగులు రోల్‌ని మడిచి అలమరాలో కుక్కొద్దు, మడత గీత పోదు. గొట్టానికి చుట్టి, పడుకోబెట్టి, ఎండ తగలని గదిలో ఉంచండి. మిగిలిన తోలు కూడా అంతే.

కొత్తబల్ల | గురువారం, ఉదయం 9:26

సరేనండీ. మోడల్ బూత్‌కి ఇవాళే చెప్పేస్తున్నా. తడిగుడ్డ గారూ, రెక్సిన్ కేర్ షీట్ వచ్చింది, మా వాళ్లు వాడే స్ప్రే అందులో లేదు. షీట్ ఫొటో మెసేజ్‌లో పంపుతాను, దానికి సరిపోయేది మీ దగ్గర ఉంటే చెప్పండి.

తడిగుడ్డ | గురువారం, ఉదయం 9:34

పంపండి. స్ప్రే డబ్బా వెనక లేబుల్ ఫొటో కూడా పెట్టండి, అందులో ఏముందో చూసి చెబుతాను.